లండన్‌లో ఒక్క రోజు: పాత స్నేహితుడు, మ్యూజియాలు, మంచి భోజనం. ఎలా ప్లాన్ చేసుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఆఫీసు పని మీద లండన్ వస్తున్నారు, తిరుగు ప్రయాణానికి ముందు ఒక రోజు ఖాళీ దొరికింది. ఇంజనీరింగ్‌లో నాలుగేళ్లు మీ రూమ్‌మేట్‌గా ఉన్నతను పదకొండేళ్లుగా ఇక్కడే ఉంటున్నాడు, ఆ రోజు సెలవు పెడతానన్నాడు. బ్రిటిష్ మ్యూజియం, నేచురల్ హిస్టరీ, విక్టోరియా అండ్ ఆల్బర్ట్, నేషనల్ గ్యాలరీ నాలుగూ చూడాలి. మీరు శాకాహారి, మంచి భోజనం కావాలి. అతనితో తీరిగ్గా కూర్చోవాలి కూడా. ఇవన్నీ ఒక్క రోజులో కుదురుతాయా?

కుదరవు. ఆ నాలుగింట్లో మూడు కొట్టేయండి. పొద్దున ఒక పెద్ద మ్యూజియంలో రెండు గంటలు, తర్వాత తొందర లేని భోజనం, మధ్యాహ్నం ఒక చిన్న మ్యూజియం, సాయంత్రం నడక. పెద్దది బ్రిటిష్ మ్యూజియం, చిన్నది సర్ జాన్ సోన్ మ్యూజియం అయితే బాగుంటుందని నా సలహా. రెంటికీ మధ్య దూరం పావుగంట నడకే.

నేను ఇక్కడికి వచ్చి పదహారేళ్లయింది. మా చుట్టాలనీ, స్నేహితులనీ, మా చుట్టాల స్నేహితులనీ తిప్పి తిప్పి బ్రిటిష్ మ్యూజియానికి ఎన్నిసార్లు వెళ్లానో లెక్కే పోయింది. మొదట్లో నేనూ మీలాగే లిస్టు రాసుకునేదాన్ని. వచ్చిన రెండో ఏడాది నా డిగ్రీ స్నేహితురాలు ఒక్క రోజు కోసం దిగింది. అంతకుముందు కొన్నేళ్లు మా మధ్య పెద్దగా మాటల్లేవు. ఆ రోజు మూడు మ్యూజియాలు చూపించాను, నాలుగోదాని గేటు దగ్గర ఫొటో కూడా తీశాను. రాత్రి ట్యూబ్ రైల్లో సీటు దొరికి కూలబడ్డాక, "మీ నాన్నగారు ఎలా ఉన్నారే?" అంది. నాన్న పోయి అప్పటికి ఏడు నెలలు. పొద్దున్నుంచీ పక్కపక్కనే నడిచాం, ఆ మాట చెప్పే సందు మాత్రం దొరకలేదు. అప్పటినుంచి ఎవరొచ్చినా నా లిస్టులో రెండు పేర్లకు మించి ఉండవు.

టికెట్ లేకపోవడం మీకు కలిసొచ్చే విషయం. మీరు రాసిన నాలుగింటికీ ప్రవేశం ఉచితం. బ్రిటిష్ మ్యూజియం 1759లో తలుపులు తీసినప్పటినుంచీ, 1974లో కొద్ది నెలలు తప్ప, అంతే. నేచురల్ హిస్టరీ, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ లాంటివి మధ్యలో కొన్నాళ్లు డబ్బులు తీసుకుని, 2001 డిసెంబరులో మళ్లీ ఉచితం చేశాయి. ప్రత్యేక ప్రదర్శనలకు మాత్రం టికెట్ ఉంటుంది, వాటి జోలికి పోకండి. డబ్బు పెట్టి లోపలికి వెళ్తే, పెట్టిందంతా రాబట్టుకోవాలని కాళ్లు పీకుతున్నా తిరుగుతాం. ఉచితమైతే గంటలో బయటికొచ్చేసినా మనసు పీకదు. మాటల్లో పడి సగం గదులు వదిలేసినా నష్టమేమీ లేదు.

బ్రిటిష్ మ్యూజియం దగ్గర దాదాపు 80 లక్షల వస్తువులున్నాయి. బయట ప్రదర్శనకు పెట్టింది అందులో ఒక్క శాతం, అంటే ఇంచుమించు 80 వేలు. ఒక్కోదాని ముందు పది సెకన్లు నిలబడ్డా తొమ్మిది రోజులు పైనే పడుతుంది, అదీ నిద్రపోకుండా. కాబట్టి "పూర్తిగా చూడటం" అన్న మాటే మర్చిపోండి. నాలుగు చూడండి, చాలు.

మొదటిది 33ఏ గది. అమరావతి స్తూపం శిల్పాలు అక్కడే. మన వాళ్లలో చాలామంది ఈ మ్యూజియానికి వచ్చి, మమ్మీల దగ్గర సెల్ఫీ తీసుకుని, ఈ గది ఉందనే తెలియకుండా వెళ్లిపోతారు. 1845లో ఈస్టిండియా కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన పలకలు ముందు మద్రాసు చేరాయి, 1859లో లండన్ వచ్చాయి, ఈ మ్యూజియం చేతికి 1880లో అందాయి. అంతా పల్నాటి సున్నపురాయి. అక్కడ రెండు వైపులా చెక్కిన పలక ఒకటుంది, దాన్ని వెతకండి. ఒకవైపు క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దపు పని: బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ మొక్కుతున్న జనం. బుద్ధుడి రూపం ఎక్కడా కనిపించదు. సుమారు మూడు వందల ఏళ్ల తర్వాత అదే రాయిని తిప్పి, రెండో వైపు సింహాల ద్వారంతో సహా స్తూపాన్నే చెక్కారు. ఆ మహాస్తూపం నిండుగా ఉన్నప్పుడు ఎలా ఉండేదో మనం ఊహించుకోగలుగుతున్నామంటే ఇలాంటి పలకల పుణ్యమే. మంచి రాయిని పారేయకుండా తిప్పి వాడుకున్నారన్నది నాకు భలే నచ్చుతుంది. మా అమ్మ ఆ పలక ముందు నిలబడి, "పాత చీరని తిప్పి కుట్టినట్టుందే" అంది. అంతకంటే బాగా ఏ గైడూ చెప్పలేదు.

ఈ శిల్పాలు ఇక్కడెందుకున్నాయి, వెనక్కి ఇవ్వాలా వద్దా అన్న చర్చ ఆ గదిలో మీ ఇద్దరి మధ్య ఎలాగూ వస్తుంది. రానివ్వండి. నాకైతే ఒక్కోసారి కోపం వస్తుంది, ఒక్కోసారి కనీసం కళ్లెదుట ఉన్నాయి కదా అనిపిస్తుంది.

ముందు 33ఏ, తర్వాత మిగతావి అనడానికి ఇంకో కారణముంది. పది గంటలకు గేటు తీయగానే టూరిస్టు గుంపులన్నీ రోసెట్టా శిల మీదికి, మమ్మీల మీదికి పోతాయి. ఆ గంటలో ఈ వైపు ఖాళీగా ఉంటుంది, గొంతు తగ్గించి మాట్లాడుకోవచ్చు. వెనకవైపు మాంటేగ్ ప్లేస్ గేటు నుంచి వస్తే ఇది దగ్గర, అక్కడ క్యూ కూడా చిన్నదిగా ఉండటం నేను చాలాసార్లు చూశాను. సిబ్బంది తక్కువైన రోజు కొన్ని గదులు మూస్తుంటారు, పొద్దున బయల్దేరే ముందు వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోండి.

రెండోది పదో గదిలో అస్సీరియా రాజు సింహాల వేట. గోడ పొడవునా రాతిపలకలు, బాణాలు దిగి నెత్తురు కక్కుకుంటున్న సింహాలు. చెక్కినవాడి జాలి రాజు మీద లేదు, సింహం మీదే ఉందని నాకెప్పుడూ అనిపిస్తుంది. మూడోది 40వ గదిలో, స్కాట్లాండ్‌లోని లూయిస్ దీవిలో దొరికిన పాతకాలపు చదరంగం పావులు, వాల్రస్ దంతంతో చేసినవి ఎక్కువ. యుద్ధావేశంతో డాలు అంచుని కొరుకుతున్న సైనికుడు ఒకడుంటాడు, ఎవరు ముందు కనిపెడతారో మీ ఫ్రెండ్‌తో పందెం వేయండి.

నాలుగోది రోసెట్టా శిల, చూడకుండా వచ్చేస్తే ఇంట్లో అడుగుతారు కాబట్టి. ఒకే శాసనం మూడు లిపుల్లో ఉండటం వల్లే 1822లో ఫ్రెంచి పండితుడు షాంపోలియన్ పాత ఈజిప్టు బొమ్మల లిపిని చదవగలిగాడు. నాలుగో గదిలో అసలుది అద్దం వెనక, దాని ముందు పది వరసల ఫోన్లు. చిన్న కిటుకు చెప్తాను: ఒకటో గదిలో దాని నకలు ఉంది, జనం ఉండరు, చేత్తో తడిమి చూడొచ్చు. అసలుదాన్ని దూరం నుంచి ఒక చూపు చూసి, నకలు దగ్గర తీరిగ్గా నిలబడండి.

మీ స్నేహితుణ్ణి గైడ్‌ని చేయకండి. ఇది చాలామంది చేసే తప్పు. పదకొండేళ్లుగా ఉంటున్నాడంటే అన్నీ చూసేసి ఉంటాడనుకుంటాం. నిజానికి ఇక్కడ ఉండేవాళ్లు ఎవరైనా ఊరి నుంచి వచ్చినప్పుడు తప్ప మ్యూజియం గడప తొక్కరు. మా పక్కింటాయన పుట్టింది లండన్‌లోనే, నేను తీసుకెళ్లేదాకా సోన్ మ్యూజియం పేరు వినలేదు. అతన్నే అన్నీ చూపించమంటే పాపం రాత్రంతా ఫోన్లో చదువుకుని వస్తాడు, పొద్దున్నుంచీ టెన్షన్ పడుతూ టైమ్ చూసుకుంటాడు. మ్యూజియం ప్లాన్ మీరు వేయండి. తిండి, దారి అతనికి వదిలేయండి, అవి అతనికి నిజంగా తెలిసినవి.

ఇక తిండి. ఒకటీ ఒకటిన్నర మధ్య ఆఫీసుల జనం ఎగబడతారు, పన్నెండున్నరకే కూర్చోండి. మూడు దాటితే చాలా చోట్ల వంటగది మూసి సాయంత్రమే తీస్తారు, ఆలస్యమైతే సాండ్విచ్చే గతి. మ్యూజియం నుంచి ఇరవై నిమిషాలు ఉత్తరంగా నడిస్తే యూస్టన్ స్టేషన్ పక్కన డ్రమండ్ స్ట్రీట్ వస్తుంది. భారతీయ శాకాహార హోటళ్లకు దశాబ్దాలుగా పేరున్న వీధి, భేల్‌పూరీ నుంచి దోసె దాకా దొరుకుతుంది. లండన్ దాకా వచ్చి దోసేమిటి అంటారేమో. నిజమే, ఒంటరిగా వచ్చి ఉంటే నేనే వద్దనేదాన్ని. కానీ పదకొండేళ్ల తర్వాత కలిసినవాళ్లకి మెనూ చదువుకునే పని లేని, ఒక గంట కూర్చున్నా ఎవరూ లేవమనని చోటు కావాలి. కొత్త రుచుల సరదా మిగతా రోజుల్లో తీర్చుకోండి.

వేరే చోట తింటే శాకాహారి కాబట్టి కొన్ని జాగ్రత్తలు. మెనూలో 'వి' అని ఉంటే శాకాహారం, 'విఇ' లేదా 'విజి' అంటే సాధారణంగా పాలూ పెరుగూ కూడా లేనిది, కానీ కొన్ని చోట్ల ఈ గుర్తులు మారతాయి, కింద రాసిన అర్థం చూసుకోండి. గుడ్డు మాత్రం ఇక్కడి లెక్కలో శాకాహారమే, మీరు తినకపోతే నోరు తెరిచి చెప్పాలి. పార్మజాన్ చీజ్‌లో దూడ కడుపు నుంచి తీసే రెన్నెట్ ఉంటుంది. థాయ్ కూరల్లో చేపల సాస్ కలుపుతారు. కొన్ని పాతకాలపు చిప్స్ షాపుల్లో గొడ్డు కొవ్వులో వేయిస్తారు, అడగకుండా తినకండి. నువ్వులు, వేరుశనగ, పాలు, గుడ్డు లాంటి 14 రకాల అలర్జీ పదార్థాల్లో ఏవి కలిపారో అడిగితే హోటల్‌వాళ్లు చెప్పి తీరాలి, ఇది చట్టం. కాబట్టి మొహమాటపడాల్సిన పని లేదు. మంచినీళ్లు 'ట్యాప్ వాటర్' అని అడగండి, ఊరికే ఇస్తారు. ఉత్త 'వాటర్' అంటే సీసా తెచ్చి బిల్లులో వేస్తారు.

బిల్లులో అడుగున సర్వీస్ చార్జి అని తరచుగా 12.5 శాతం కలిపి ఉంటుంది. మామూలుగా అది ఇష్టమైతేనే ఇచ్చేది, నచ్చకపోతే తీసేయమనొచ్చు. 2024 అక్టోబరు నుంచి ఆ డబ్బు సిబ్బందికే చేరాలని చట్టం వచ్చింది, అందుకే నేను సాధారణంగా ఇచ్చేస్తాను. దానిపైన మళ్లీ టిప్పు అక్కర్లేదు.

అసలు పేచీ బిల్లు ఎవరు కట్టాలన్న దగ్గర వస్తుంది. మీరు పౌండ్లను రూపాయల్లోకి మార్చి గుండె పట్టుకుంటారు, అతను ఇది నా ఊరు కాబట్టి నేనే అంటాడు, కౌంటర్ దగ్గర ఇద్దరూ కార్డులు పట్టుకుని కుస్తీ. వడ్డించే అమ్మాయి బిక్కమొహం వేసుకుని నిలబడటం ఎన్నిసార్లు చూశానో! ముందే తేల్చుకోండి: భోజనం అతనిది, మధ్యాహ్నం టీ, కేకులు మీవి. అతిథిగా అన్నీ పెట్టించుకున్నానే అన్న బరువూ మీకుండదు.

భోజనమయ్యాక సర్ జాన్ సోన్ మ్యూజియం. హోల్బోర్న్ దగ్గర లింకన్స్ ఇన్ ఫీల్డ్స్ అనే తోట పక్కన ఒక ఇల్లు అది. సోన్ అనే వాస్తుశిల్పి తన ఇంటిని విగ్రహాలు, బొమ్మలు, రాతిముక్కలతో నింపేసి, తను పోయాక ఉన్నది ఉన్నట్టే ఉంచాలని 1833లో పార్లమెంటు చేత చట్టమే చేయించాడు. ఆయన 1837లో పోయాడు, ఇల్లు ఇంచుమించు అలాగే ఉంది. నేలమాళిగలో ఈజిప్టు రాజు మొదటి సేటి రాతి శవపేటిక ఉంది. పొద్దున మీరు చూసిన బ్రిటిష్ మ్యూజియం ఆ ధర పెట్టలేమని వద్దనుకుంటే, 1824లో ఈయన 2,000 పౌండ్లకు కొని ఇంట్లో పెట్టుకున్నాడు. తర్వాతి ఏడాది మూడు సాయంత్రాలు దీపాలు వెలిగించి ఊరి పెద్దలందరినీ పిలిచి చూపించాడు. కొత్త కారు కొన్నవాడి సంబరం ఏ కాలంలోనైనా ఒకటే.

పైన బొమ్మల గది చిన్నది, కానీ గోడలు తలుపుల్లా తెరుచుకుంటాయి, వెనక ఇంకో వరస బొమ్మలు. తండ్రి ఆస్తి తగలేసిన కుర్రాడి కథ ఎనిమిది బొమ్మల్లో హోగార్త్ గీసినది అక్కడే ఉంది. సిబ్బంది గోడ తెరిచే వేళకి అక్కడుండేలా చూసుకోండి. మొత్తం గంట చాలు. ఇరుకు దారులు, భుజాన పెద్ద బ్యాగు వేసుకుని వెళ్లకండి.

బ్యాగు అంటే గుర్తొచ్చింది. చక్రాల సూట్‌కేసుతో మ్యూజియానికి రాకండి. మీది తిరుగు ప్రయాణం ముందు రోజు కాబట్టి ఆ టెంప్టేషన్ ఉంటుంది. మా బాబాయిని ఇలాగే హోటల్ ఖాళీ చేయించి సరాసరి ఒక మ్యూజియానికి తీసుకెళ్తే గేటు దగ్గరే ఆపేశారు. తప్పు నాదే, వాళ్ల వెబ్‌సైట్‌లో స్పష్టంగా రాసుంది. ఇద్దరం వంతులవారీగా బయట సూట్‌కేసుకి కాపలా కాశాం. హోటల్లోనే వదలండి, లేదా పెద్ద రైల్వే స్టేషన్లలో డబ్బులు తీసుకుని దాచే చోట్లుంటాయి.

బస్సుల్లో నగదు తీసుకోరు, 2014లోనే ఆపేశారు. కార్డునో ఫోన్నో తాకిస్తే చాలు, కానీ ఒక కార్డు మీద ఇద్దరు ఎక్కలేరు, మీది మీకుండాలి. మన బ్యాంకు కార్డయితే విదేశీ వాడకం ఆన్ చేసి ఉందో లేదో బయల్దేరే ముందే చూసుకోండి.

సాయంత్రం నడక వేళ కాలాన్నిబట్టి. డిసెంబరులో నాలుగు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు, జూన్‌లో తొమ్మిది దాటాక. మీరు చలికాలంలో వస్తుంటే సోన్ నుంచి మూడింటికే బయటపడి వాటర్లూ వంతెన ఎక్కండి, పన్నెండు నిమిషాల దూరం. ఒక పక్క పార్లమెంటు, ఇంకో పక్క సెయింట్ పాల్స్ గుమ్మటం, రెండూ అక్కణ్ణుంచే కనిపిస్తాయి. రెండో ప్రపంచయుద్ధంలో మగవాళ్లు యుద్ధానికి పోతే ఈ వంతెన పనిలో ఆడవాళ్లు చాలామంది చేశారు, అందుకే దీన్ని ఆడవాళ్ల వంతెన అని కూడా అంటారు. అవతల ఒడ్డున నది వెంబడి బెంచీలుంటాయి. అసలు కబుర్లు అక్కడ పడతాయి, ఎదురెదురుగా కూర్చున్నప్పుడు రాని మాటలు నీళ్లకేసి చూస్తూ పక్కపక్కన కూర్చుంటే వస్తాయి.

నేచురల్ హిస్టరీలో 25 మీటర్ల నీలి తిమింగలం అస్థిపంజరం బాగుంటుంది, కాదనను. కానీ అది, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ రెండూ సౌత్ కెన్సింగ్టన్‌లో ఉన్నాయి, రానూపోనూ గంట పోతుంది. పైగా స్కూలు సెలవుల్లో పిల్లల అరుపుల మధ్య మీ మాట మీకే వినపడదు. వర్షం గట్టిగా ఉంటే మాత్రం ప్లాన్ మార్చి, రోజంతా విక్టోరియా అండ్ ఆల్బర్ట్‌లోనే గడపొచ్చు. మ్యూజియంలో భోజనశాల పెట్టడం ప్రపంచంలో మొదట అక్కడే జరిగిందంటారు. పింగాణీ పలకల స్తంభాలున్న ఆ పాత హాల్లో ఇప్పటికీ టీ తాగొచ్చు.

నేషనల్ గ్యాలరీ వదులుకోలేనంటే, వచ్చేది శుక్రవారం అయితేనే పెట్టుకోండి. ఆ రోజు రాత్రి తొమ్మిది దాకా తీసి ఉంటుంది, వంతెన దగ్గర్నుంచి నడిచి వెళ్లొచ్చు. వెళ్లినా ఒకే ఒక్క బొమ్మ చూడండి. యుద్ధంలో బాంబుల భయంతో ఇక్కడి బొమ్మలన్నీ వేల్స్‌లోని గనిలో దాచి, 1942 నుంచి నెలకొక్కటి చొప్పున తెచ్చి పెట్టేవారు. ఆ ఒక్కదాని కోసమే జనం వచ్చేవారు. మీకు నేను చెప్పేది హోల్బైన్ 1533లో వేసిన 'రాయబారులు'. కింద నేల మీద ఏదో సాగదీసినట్టు వంకర మరక కనిపిస్తుంది. కుడివైపు గోడకి దగ్గరగా వెళ్లి ఓరగా చూస్తే అది పుర్రె. మీరు ముందు చూసి, ఏమీ చెప్పకుండా అతన్ని అక్కడ నిలబెట్టండి.

ఇంతకీ మీరు వచ్చేది ఏ రోజున అన్నది రాయలేదు. సోన్ మ్యూజియం సోమ, మంగళవారాలు మూసి ఉంటుంది. ఆ రెండింట్లో ఒకటైతే దాని బదులు బ్రిటిష్ లైబ్రరీకి వెళ్లండి. డ్రమండ్ స్ట్రీట్‌కి అది ఇంకా దగ్గర, రాజు అధికారానికి హద్దులు పెట్టిన పాత ఒప్పందపత్రం మాగ్నా కార్టా ఉన్న గది చూడటానికి టికెట్ లేదు. తేదీ చెప్తే, మీ ఫ్రెండ్ ఏ వైపు ఉంటాడో కూడా చెప్తే, రాత్రి అతనింటికి భోజనానికి వెళ్లడానికి ఏ లైను మీద ఎన్నింటికి బయల్దేరాలో రాస్తాను.